ఫిల్టరు, మర, గ్లాసు: ఇంటి కాఫీ చరిత్ర

కాఫీ గురించి ఇంత వ్యాసం అవసరమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. అవసరమే అనుకుంటాను. రాజుల యుద్ధాలూ, రాజ్యాల సరిహద్దులూ మాత్రమే చరిత్ర కాదనీ, మనిషి తిన్న తిండీ, కట్టిన గుడ్డా, వాడిన పనిముట్టూ కూడా చరిత్రేననీ మనం ఎప్పటినుంచో చెబుతున్నాం. చెబుతున్నామేగాని, పొద్దున లేవగానే చేతిలోకి వచ్చే గ్లాసు దగ్గరకు ఆ సూత్రాన్ని తీసుకువెళ్ళిన సందర్భాలు తక్కువ.

కాఫీ విషయంలో మనకు రెండు రకాల వాదాలు వినబడతాయి. మొదటిది రసికుల వాదం. వెనకటి రోజుల్లో ఇంట్లోనే గింజలు వేయించి, ఇంట్లోనే మరపట్టి, ఇత్తడి ఫిల్టరులో దించిన కాఫీకి సాటి లేదనీ, ఇప్పుడంతా పాడైపోయిందనీ వాళ్ళ బాధ. రెండవది విరాగుల వాదం. కాఫీ అనేది తిండికి లోటులేని మధ్యతరగతి వ్యసనం, దాని మంచిచెడ్డలు చర్చించటమే విలాసం అని వాళ్ళ తీర్పు. గాంధీగారు కూడా ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో టీ, కాఫీ, కోకోలు మనిషికి అనవసరమన్నారు. ఈ రెండు వాదాలూ పైకి విరుద్ధంగా కనబడతాయి. కాని రెంటిలోనూ ఒకటే లోపం ఉంది. ఆ కాఫీని ఎవరు పండించారు, ఎవరు వేయించారు, ఎవరు విసిరారు, ఏ గ్లాసులో ఎవరికి పోశారు అనే ప్రశ్న రెంటిలోనూ లేదు. మంచి కాఫీ కోరుకోవటం తప్పని నేననను. ఆ మంచితనం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోమంటాను.

1

కాఫీ చెట్టు పుట్టిల్లు ఇథియోపియా. గింజను వేయించి, కషాయం కాచి తాగే అలవాటు స్థిరపడింది ఎర్రసముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న యెమెన్‌లో. పదిహేడవ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని మనదేశంలో ఐతిహ్యం. ఆ కొండలకు ఈనాటికీ ఆయన పేరే. ఐతిహ్యం అందమైనదే. కాని కాఫీని ప్రపంచ సరుకుగా మార్చింది సూఫీల భక్తి కాదు, వలసరాజ్యాల కొరడా. 1780ల చివరినాటికి ప్రపంచపు కాఫీలో సుమారు సగం ఫ్రెంచివారి సెయింట్ డొమింగ్ వలస నుంచి వచ్చేది. పండించినవారు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. 1804లో అదే హైతీ అనే స్వతంత్ర రాజ్యమయింది. జావాలో డచ్చి ప్రభుత్వం 1830 నుంచి రైతులచేత బలవంతంగా కాఫీ వేయించింది. ఆ దుర్మార్గాన్ని ఎండగడుతూ 1860లో 'మాక్స్ హావెలార్' అనే నవల వచ్చింది. డచ్చివారి కాఫీ వేలాలకూ, జావా రైతు ఆకలికీ ఉన్న ముడిని ఆ నవల పాఠకుల కళ్ళముందు పెట్టింది.

మనదేశంలో ఇంగ్లీషు దొరలు తోటలు వేయటం 1820ల నుంచి మొదలై మైసూరు, కొడగు, వైనాడు, నీలగిరుల్లో అల్లుకుపోయింది. అడవి నరికినవారు, మొక్క నాటినవారు, పండు కోసినవారు కూలీలు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, పల్లెల నుంచి జట్లుగా వాళ్ళను తోలుకువచ్చేవాడు. బయానా తీసుకుని పనికి రాని కూలీని జైలుకు పంపటానికి 1859లో ఒక చట్టమే చేశారు. అది చాలదని 1903లో మద్రాసు రాజధానిలో తోటల యజమానులకోసం ప్రత్యేకంగా మరొకటి చేశారు. 1859 చట్టాన్ని రద్దుచేసే చట్టం 1925లోగాని రాలేదు. వైనాడులో పణియ గిరిజనులను వళ్ళియూర్‌కావు ఉత్సవంలో ఏడాదికి కుదుర్చుకుని వెట్టిలోకి దించే ఆచారం చాలాకాలం సాగింది. అమ్మవారి జాతరే మనుషుల సంత అయింది.

1869లో సింహళంలో కాఫీ ఆకులకు తుప్పు తెగులు తగిలింది. రెండు దశాబ్దాలలో అక్కడి కాఫీ తుడిచిపెట్టుకుపోయి ఆ నేలలో టీ వెలిసింది. అదే తెగులు దక్షిణ దేశపు తోటలనూ చావుదెబ్బ తీసింది. తెగులును కొంత తట్టుకునే రోబస్టా రకం తరువాత మన కొండలెక్కింది. ఈనాడు మన ఇంటి పొడిలో అరబికా ఎంత, రోబస్టా ఎంత అనే లెక్క నాలుక రుచితోనే తేలలేదు. ఆకుమీద పుట్టిన ఒక శిలీంధ్రం కూడా అందులో వాటాదారే.

2

ఇక ఇంటికి వద్దాం. తోటల్లో పండిన గింజ చాలాకాలం ఓడలెక్కి సీమకు పోయింది. పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రాంతపు మధ్యతరగతి ఇళ్ళలో కాఫీ అలవాటుగా నాటుకుంది. ఈ మార్పును తమిళదేశానికి సంబంధించి చరిత్రకారుడు ఎ. ఆర్. వెంకటాచలపతి చక్కగా వివరించారు. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా ఈ కథ పరాయిది కాదు. తెలంగాణలో, ముఖ్యంగా హైదరాబాదులో, ఇరానీ హోటళ్ళ టీదే పైచేయి. ఒకే భాష మాట్లాడే ప్రజల పొద్దుటి గ్లాసుల్లో రెండు పానీయాలుండటానికి కారణం అభిరుచి భేదమే కాదు, రెండు ప్రభుత్వాల కింద బతికిన చరిత్ర కూడా.

అప్పటిదాకా పొద్దుటి ఆహారం చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసుకుని తిని పొలానికి పోయే మనిషికి గడియారంతో పని లేదు. కచేరీకీ, కోర్టుకూ, పాఠశాలకూ, రైలుకూ వేళ తప్పకుండా పోవలసిన గుమాస్తాకు గడియారమే యజమాని. వాడికి కడుపు నింపి మగతతెప్పించే చద్దన్నంకన్నా మగత వదలగొట్టే కాఫీ కావలసివచ్చింది. ఉద్యోగమూ, గడియారమూ, కాఫీ కలిసే ఇంట్లోకి వచ్చాయి. ఆనాటి పెద్దలు కాఫీని తిట్టారు. ఆరోగ్యం చెడుతుందన్నారు, ఆచారం చెడుతుందన్నారు, ఆడవాళ్ళు చెడుతున్నారన్నారు. ఏది కొత్తగా వచ్చినా ముందు ఆడవాళ్ళే చెడిపోతారని మన పెద్దలకొక నమ్మకం!

3

ఇప్పుడు సామాను సంగతి. వెనకటి కాఫీ ఇంటికి నాలుగు వస్తువులు కావాలి: వేయించటానికి మంగలమో ఇనప మూకుడో, విసరటానికి మర, దించటానికి ఫిల్టరు, తాగటానికి దబరా గ్లాసు. ఈ నాలుగింటిలో ప్రతిదీ ఒక శ్రమను దాచుకుని ఉంది.

పచ్చి కాఫీ గింజకు వాసన లేదు, రుచి లేదు. దాదాపు రెండు వందల డిగ్రీల వేడి దగ్గర అది చిటపటమని పగులుతుంది. లోపలి చక్కెరలూ మాంసకృత్తులూ మార్పు చెంది, కాఫీ అని మనమనుకునే వాసన అప్పుడు పుడుతుంది. తూకంలో ఆరోవంతో, ఐదోవంతో పోతుంది. కుంపటిమీద మూకుడు పెట్టి చేత్తో తిప్పుతూ వేయించేటప్పుడు అర నిమిషం ఏమరిస్తే మాడు. ఆ ఒడుపు పుస్తకాల్లో రాయలేదు, బడిలో చెప్పలేదు. పొగలో కళ్ళు మండించుకుని నేర్చుకున్నారు. నేర్చుకున్నది ఆడవాళ్ళు. పొగడ్త మాత్రం "మా తాతగారింటి కాఫీ" అని తాతగారికి పోయింది. తాతగారు చేసిన పని తాగటం.

ఇంట్లో వేయించుకోవటం కూడా ఒకప్పుడు నేరం కాగలిగింది. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1781లో కాఫీ వేయించటాన్ని ప్రభుత్వ గుత్తచేశాడు. దొంగతనంగా వేయించే ఇళ్ళను వాసన పసిగట్టి పట్టుకోవటానికి ఉద్యోగులను కూడా వీధుల్లో తిప్పాడు. జనం కాఫీకి డబ్బు తగలేసి సొమ్ము పరదేశాలకు పంపుతున్నారని ఆయన ఫిర్యాదు. ప్రభువులూ, హోదా గలవారూ అనుమతి పొంది వేయించుకోవచ్చు. కాఫీ చెడ్డదైతే అందరికీ చెడ్డది కావాలి గదా! ఏలినవారు ఉపదేశించే నిరాడంబరత ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

వేయించిన గింజ కొన్ని వారాలు వాసన నిలుపుకుంటుంది. పొడి చేస్తే గాలి తగిలి కొద్ది రోజుల్లోనే, చాలావరకు కొన్ని గంటల్లోనే, సారం పోతుంది. అందుకే మర ముఖ్యం. రాతి రోట్లో దంచితే కొంత పిండి, కొంత రవ్వ వస్తుంది. పిండి నుంచి చేదు ఊరుతుంది. రవ్వ నుంచి సారమే దిగదు. రెండు పళ్ళచక్రాల మధ్య నలిగే మర ఒకే తీరు పలుకు ఇస్తుంది. ఫ్రాన్సులో ప్యూజో సంస్థ మోటారు కార్లకు చాలా ముందు, 1840లోనే కాఫీ మరలు చేసింది. మన ఇళ్ళలో బల్ల అంచుకు బిగించి చేత్తో తిప్పే ఇనప మర ఆ జాతిదే. తెల్లవారకముందే వినబడే ఆ మర చప్పుడు ఇంట్లో అందరికీ మేలుకొలుపు. తిప్పే చేతికి మాత్రం అది అప్పటికే మొదలైన పని.

4

ఫిల్టరు చరిత్ర మరింత చిత్రమైనది. కాఫీని నీళ్ళలో వేసి కుతకుతా ఉడికించటం పాత పద్ధతి. పొడిని పైగిన్నెలో ఉంచి, వేడినీళ్ళు పోసి, చుక్కచుక్కగా కిందికి దిగనిచ్చే గిన్నెను 1800 ప్రాంతంలో పారిస్ ఆర్చిబిషప్ ద బెలాయ్‌కి ఆపాదిస్తారు. దాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవాడు కౌంట్ రంఫర్డ్. వేడి అనేది పదార్థం కాదు, చలనం అని వాదించిన భౌతికశాస్త్రవేత్త. 1812లో ఆయన కాఫీ తయారీ మీద పెద్ద వ్యాసమే రాశాడు. కాఫీని ఉడికించకూడదు, ఉడికిస్తే వాసన ఆవిరితో పోతుంది, వేడి సమంగా నిలవాలి అని ఆయన సిద్ధాంతం. ఈ రంఫర్డే 1790లో మ్యూనిక్ నగరంలో బిచ్చగాళ్ళను పట్టించి పనిశాలలో పెట్టి, అతి చవకగా ఎలా మేపవచ్చో లెక్కలు కట్టిన పెద్దమనిషి. ఒకే బుర్రలో నిజమైన శాస్త్రమూ, పేదవాడి నోటిదాకా వచ్చే కాపలాతనమూ ఇమిడి ఉన్నాయి. శాస్త్రాన్ని తీసుకుందాం, కాపలాతనాన్ని వదులుదాం.

మన ఇత్తడి ఫిల్టరు ఆ ఫ్రెంచి గిన్నెకు దగ్గర చుట్టం. పైగిన్నె అడుగున సన్నని చిల్లులు; పొడిమీద అదమటానికి గొడుగులాంటి చిల్లుల బిళ్ళ; కిందిగిన్నెలో డికాక్షన్. పొడి మరీ అదిమితే చుక్క దిగదు; వదులుగా వదిలితే నీళ్ళు జారిపోయి పలచటి కషాయం వస్తుంది. నీళ్ళు తెర్లి, పొయ్యిమీద నుంచి దించి కొద్దిసేపాగి పోయాలి. తొంభైకీ, తొంభై ఆరుకూ మధ్య డిగ్రీల వేడి మేలైనది. ఇత్తడి గిన్నెకు కళాయి ఉండితీరాలి. కళాయి పోతే డికాక్షన్‌కు చిలుము రుచి వస్తుంది. "కళాయీ" అని కేకవేస్తూ తిత్తీ, తగరమూ, నవాసారమూ మోసుకుని వీధుల వెంట తిరిగిన కార్మికుడు కూడా మన కాఫీ రుచిలో భాగస్వామి. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె వచ్చాక ఆయన వృత్తి పోయింది. ఆయన పేరు ఏ రసికుడూ తలవలేదు.

1950లలో అమెరికాలో లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త కాఫీని కొలిచాడు. వేయించిన గింజలో నీటిలో కరిగేది సుమారు ముప్ఫై పాళ్ళు. అందులో పద్ధెనిమిది నుంచి ఇరవైరెండు పాళ్ళు దిగితే రుచి. అంతకు తగ్గితే పులుపు, మించితే చేదు. మన ఇళ్ళలో "మొదటి డికాక్షన్ మొగాళ్ళకు, రెండోది ఆడవాళ్ళకూ పనిమనిషికీ" అనే ఆచారానికి ఈ లెక్క ఎంత అర్థమిస్తుందో చూడండి. రుచిగల పాళ్ళు ముందు గిన్నెలో దిగిపోయాయి. మిగిలిన చేదు వెనక గిన్నెలోకి వచ్చింది. కుటుంబంలోని అంతస్తులను అంకెల్లో చూపటానికి ఇంతకన్నా పరికరం అక్కర్లేదు.

కాగితపు వడపోతను కనిపెట్టింది కూడా ఒక గృహిణే. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు మెలిట్టా బెంట్స్ 1908లో ఇత్తడి గిన్నె అడుగున చిల్లులు పొడిచి, కొడుకు బడిపుస్తకంలోని అద్దుడుకాగితం పరిచి కాఫీ వడపోసింది. ఆ ఏడే పేటెంటు పొందింది. రోజూ గిన్నెలో మిగిలే మడ్డిని కడుక్కునే చెయ్యే దానికి మందు కనిపెట్టింది. వంటింట్లో బుద్ధికి పని లేదనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

5

చికోరి గురించి రెండు మాటలు. ఇది ఒక దుంపవేరు. వేయించి పొడికొడితే కాఫీ రంగూ, చేదూ వస్తాయి. కాఫీలోని ఉత్తేజక పదార్థం మాత్రం లేదు. నెపోలియన్ 1806లో బ్రిటిష్ సరుకులమీద పెట్టిన దిగ్బంధంవల్ల ఐరోపాలో కాఫీ కరువై చికోరి వాడకం పెరిగింది. మనదేశంలో గుజరాత్‌లో జామ్‌నగర్ వైపు, ఉత్తరప్రదేశ్‌లో ఎటా వైపు పండుతుంది. కాఫీకన్నా ఇందులో నీటిలో కరిగే భాగం చాలా ఎక్కువ గనుక డికాక్షన్ చిక్కగా, నల్లగా కనబడుతుంది. చిక్కటి పాలూ, పంచదారా వేసే మన పద్ధతికి కొద్దిపాటి చికోరి నప్పుతుందని ఒప్పుకోవలసిందే. అయితే నప్పటం వేరు, నమ్మించటం వేరు. చింతగింజల పొడీ, ఖర్జూరపు గింజల పొడీ కలిపి కాఫీ అని అమ్మినవారికి కొదవలేదు. 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం వచ్చింది. చికోరి కలిపిన పొడిలో నూటికి 51 పాళ్ళు తగ్గకుండా కాఫీ ఉండాలని నియమమున్నది. నూటికి 49 దాకా వేరును కొని, దాన్ని కాఫీ అని పిలుచుకునే స్వేచ్ఛ మనకున్నదన్నమాట. మంచి కాఫీ కావాలంటే కొత్త యంత్రంకన్నా ముందు పొట్లంమీది అంకె చదవాలి.

6

చివరి వస్తువు గ్లాసు. అసలు విషయం ఇక్కడున్నది.

దబరా గ్లాసు అందాన్ని మెచ్చుకుంటారు. అంచు బయటికి తిరిగి ఉంటుంది. వేడిగా ఉన్నా పట్టుకోవచ్చు. దబరాలోకీ గ్లాసులోకీ ఎత్తి పోస్తే నురగ కడుతుంది, చల్లారుతుంది. అన్నీ నిజమే. పెదవికి తగలకుండా పైనుంచి పోసుకుని తాగటానికి కూడా ఆ అంచు వీలు. ఎంగిలి అనే భావానికి లోహంలో పోతపోసిన రూపం అది. ఇంట్లో ఎంగిలిగా ఉన్నది వీధిలోకి వచ్చేసరికి అంటరానితనమయింది. కాఫీ హోటలు రాగానే కులం సడలుతుందని కొందరు ఆశపడ్డారు. హోటలు వచ్చింది, వెంట "బ్రాహ్మణులకు ప్రత్యేకం" అనే బోర్డూ వచ్చింది. రైలు స్టేషన్ల ఫలహారశాలల్లో సైతం వేరు భాగాలుండేవి. 1957లో పెరియార్ అనుచరులు మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డుమీది 'బ్రాహ్మణ' అనే మాట చెరిపించటానికి నెలల తరబడి సత్యాగ్రహం చేయవలసివచ్చింది.

అప్పటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడేళ్ళు. దుకాణాల్లో, హోటళ్ళలో కులాన్నిబట్టి ఎవరినీ ఆపరాదని 15వ అధికరణం చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955లో శిక్షా చట్టమూ వచ్చింది. అయినా మన తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల తరబడి బతికింది. దళితునికి వేరే గ్లాసు, అది వాకిట్లో చూరుకో మేకుకో వేలాడుతుంది. తాగినవాడే కడిగి అక్కడే పెట్టాలి. కొన్నిచోట్ల గ్లాసు కూడా కాదు, కొబ్బరిచిప్ప. లోపల అదే పొయ్యి, అదే పాలు, అదే డికాక్షన్. డబ్బులూ అవే. రుచి గురించి మాట్లాడే ప్రతివాడూ ఆ రెండో గ్లాసులో కాఫీ ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించాలి. ఏ నీళ్ళ వేడీ, ఏ పొడి నాణ్యతా దాని చేదు తీయలేవు. కాగితపు కప్పులు వచ్చి ఈ సమస్య తీర్చాయని కొందరంటారు. కాగితపు కప్పు గ్లాసును తీసేసింది. మనసులోని మేకును తీయలేదు.

7

ఇది నిరాశ కథ మాత్రమే కాదు. మన కాఫీ అమ్మకాలు పెంచటానికి 1936లో బొంబాయిలో కాఫీహౌస్ తెరిచారు. 1942లో కాఫీ బోర్డు ఏర్పడి వాటిని అనేక నగరాలకు విస్తరించింది. 1950ల నడుమ బోర్డు వాటిని మూసి, పనివాళ్ళను ఇంటికి పంపబోయింది. ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ వడ్డించేవాళ్ళూ, వంటవాళ్ళే సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1957లో బెంగళూరులో, అదే ఏడు ఢిల్లీలో, 1958లో త్రిచూరులో వాళ్ళ కాఫీహౌసులు మొదలయ్యాయి. వడ్డించేవాడే యజమాని అయిన హోటల్లో ఏ కులంవాడికైనా ఒకే కప్పు. అక్కడి బల్లల చుట్టూ ఎన్ని తరాల విద్యార్థులు వాదించుకున్నారో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

మన మన్యంలో మరో ప్రయత్నం జరిగింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మొదలుకొని, అటవీ శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థలు విశాఖ మన్యంలో కాఫీని పెంచాయి. పోడు చేసుకునే గిరిజనులు ఎకరా, రెండెకరాల నీడతోటల్లో మిరియపు తీగల సరసన అరబికా పండిస్తున్నారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుతో పారిస్‌లో దుకాణం కూడా తెరిచారు. కొరడా కింద మొదలైన పంట రైతు సొంత తోటలోకి రావటం చిన్న విషయం కాదు. కాని పండు దగ్గర ఆగిపోయినంతకాలం రైతుకు దక్కేది తక్కువ. తొక్కతీత, పులియబెట్టటం, ఆరబోత, వేయింపు — ఒక్కొక్క మెట్టుకూ ధర పెరుగుతుంది. ఆ మెట్లు ఎవరి చేతిలో ఉంటే లాభం వారిది. 1989లో అంతర్జాతీయ కాఫీ కోటాలు కూలిపోయాయి. 1990ల నడుమ మన కాఫీ బోర్డు ఉమ్మడి కొనుగోలు ఆగిపోయింది. ఆపైన న్యూయార్కు, లండను అంగళ్ళ ఒడిదుడుకులు నేరుగా చిన్నరైతు వాకిట్లోకి వచ్చాయి.

ఇప్పుడు పట్టణపు ఇళ్ళలోకి కొత్త సామాను వచ్చింది. గాజు శంకువులు, కాగితపు వడపోతలు, విద్యుత్ మరలు, గ్రాములో పదోవంతు తూచే త్రాసులు. వాటిని వెక్కిరించను. ఇంటి శ్రమ తగ్గించే ఏ పనిముట్టునైనా మనం ఆహ్వానించాలి. కాని కంపెనీలు పనిముట్టుతోపాటు ఒక మాయను కూడా అమ్ముతాయి. రుచి యంత్రంలో ఉన్నదనీ, ఖరీదుకొద్దీ రుచి అనీ. రంఫర్డ్ నుంచి లాక్‌హార్ట్ దాకా శాస్త్రం చెప్పింది ఐదు మాటలు: గింజ తాజాగా ఉండాలి, పలుకు సమంగా ఉండాలి, నీళ్ళ వేడి సరిగా ఉండాలి, కొలత తప్పకూడదు, తగినంతసేపు ఆగాలి. ఈ ఐదూ పాత ఫిల్టరుతోనూ సాధ్యమే. మొదటి నాలుగూ తెలుసుకుంటే వచ్చేవి. ఐదవది తీరిక. అది పంచుకుంటేగాని రాదు.

కనుక మంచి కాఫీకి నా కొలత ఇది. పొద్దున మర తిప్పటం వంతులవారీగా జరగాలి. మొదటి డికాక్షన్ అందరికీ సమంగా పడాలి. కోసిన చేతికి గింజ ధరలో న్యాయమైన వాటా ముట్టాలి. వీధి చివర హోటల్లో అందరికీ ఒకే గ్లాసు ఉండాలి. ఇవి లేని కాఫీ ఎంత చిక్కగా ఉన్నా, ఎంత నురగ కట్టినా, అందులో ఎవరో ఒకరి నోటికి చేదు మిగిలే ఉంటుంది.